ఇద్దరి సరదా ఇంటికి చేటా?

"పెళ్ళిరోజుకి కేకులేంది? పుట్టినరోజుకి సినిమాలేంది? పొద్దుగూకే వేళ మొగుడూ పెళ్ళాం కలిసి ఏటి ఒడ్డుకి షికార్లేంది? మా కాలంలో ఇవన్నీ ఉన్నయ్యా? మేం కాపరాలు చెయ్యలేదా, పిల్లల్ని కనలేదా?"

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల దాకా ఏ అరుగు మీద కూర్చున్నా, ఏ పెళ్ళిలో భోజనాల బంతిలో కూర్చున్నా ఈ మాట చెవిన పడకుండా ఉండదు. అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మిరపచేలల్లో నడుములు వంగిపోయినవాళ్ళు, ఆడపిల్లల పెళ్ళిళ్ళకు పొలాలు అమ్ముకున్నవాళ్ళు, ఒక జీవితకాలం ఇంటిని మోసినవాళ్ళు. వాళ్ళ నోట వచ్చింది గనకే ఆ మాటకు అంత బరువు. పెద్దవాళ్ళతో మనకెందుకులే అని కుర్రకారు తలవంచుకుని ఊరుకుంటుంది. ఆ తర్వాత సరదాను దొంగచాటుగా జరుపుకుంటుంది, లేదా మానుకుంటుంది. ఈ రెండూ అక్కర్లేదు. ఆ మాటకు జవాబుంది.

అందులో ఉన్న ఆరోపణలు నాలుగు. భార్యాభర్తల సరదా మన పద్ధతి కాదు, పట్నం నుంచి దిగుమతైన మోజు అన్నది ఒకటి. డబ్బు దండగ అన్నది రెండు. అమ్మానాన్నల్నీ చుట్టాల్నీ పక్కనబెట్టి ఇద్దరే సంబరపడటం స్వార్థం అన్నది మూడు. పనీపాటా లేనివాళ్ళకే ఇలాంటి వ్యాపకాలు అన్నది నాలుగు. వరసగా చూద్దాం.

మొదట ఈ "మా కాలంలో" సంగతి తేల్చుకోవాలి. మన పెళ్ళి తంతులో సగం ఆటలే. బిందెలో ఉంగరం వేసి ఇద్దరి చేతులూ ముంచించేది ఎందుకు? పూలబంతులు విసిరించేది ఎందుకు? గుమ్మం దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేగాని లోపలికి రానివ్వమని పట్టుబట్టేది ఎందుకు? ముక్కూ మొహం తెలియని ఇద్దరిని పదిమంది ముందు నవ్వించి, ఒకరి చెయ్యి ఒకరికి తగిలించి, ఆ చనువుతో కాపురం మొదలెట్టమని పెద్దలే చేసిన ఏర్పాటు అది. పెళ్ళైన మొదటి సంక్రాంతికి కొత్త అల్లుణ్ణి పిలిచి బట్టలు పెట్టి, మరదళ్ళ చేత ఆటపట్టించేది మన పద్ధతి కాదా? ఆషాఢంలో పెళ్ళికూతురు పుట్టింటికి వెళ్తే ఏదో వంక పెట్టుకుని అత్తగారి ఊరికి బయల్దేరిన కుర్రాళ్ళ కథలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. అవి చెప్పుకుని పడీపడీ నవ్వేది కూడా ఈ "మా కాలం" వాళ్ళే. పదహారు రోజుల పండగ దాకా సరదా సంప్రదాయమై, పదిహేడో రోజున విదేశీ అలవాటు ఎట్లా అయిందో వాళ్ళే చెప్పాలి.

ఇంకా వెనక్కి వెళ్దాం. జగ్గయ్యపేట పక్కనే ధనంబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ దొరికిన ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటి శాసనాలున్నాయి. అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దం. ఆ అయిదు స్తంభాలను తూర్పు వాకిట నిలబెట్టించినవాడు రాజు కాదు, సామంతుడు కాదు. సిద్ధార్థుడనే శిల్పి, చేతిపని చేసుకు బతికేవాడు. దానం చేస్తూ అతను తన పేరొక్కటే చెక్కించుకోలేదు. తల్లి నాగిలనిని, భార్య సముదనిని, కొడుకునీ కూతురునీ, సోదరుణ్ణీ అతని భార్యనీ, వాళ్ళ పిల్లల్నీ పేరుపేరునా చెప్పి, వాళ్ళందరితో కలిసి చేశానన్నాడు. ఇంటిల్లిపాదీ కలిసి చేసుకున్న ఒక మంచి పనిలో భార్య పేరును రాతి మీద పదిమందీ చదివేలా పెట్టించిన పనివాడు పదిహేడు వందల ఏళ్ళ కిందటే ఇక్కడ ఉన్నాడు. ఈ రోజున శుభలేఖలో తప్ప ఇంకెక్కడా భార్య పేరు కనపడకూడదనుకునేవాళ్ళు, మన పద్ధతి ఏదో తేల్చే ముందు ఒకసారి ఆ దిబ్బ ఎక్కి రావాలి.

శాసనాలు పండితుల వ్యవహారం అంటారా, జనం వ్యవహారానికే వద్దాం. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లిని మొక్కని ఇల్లు ఈ చుట్టుపక్కల తక్కువ. ఆమె కథ అందరికీ తెలిసిందే. అనిగండ్లపాడు ఆడపడుచు, పెనుగంచిప్రోలు కోడలు. మొగుడు గోపయ్య ఆలమందల వెంట అడవికి పోతే అత్తా తోడికోడలూ ఆమెను పెట్టని బాధ లేదు. గోపయ్య పులి వాతబడి తిరిగి రాలేదు. ఆమె అగ్నిలో కలిసిపోయింది. ఆ కథ విని ఊరు ఏం చేసింది? మొగుడు పనికి పోయాడు, కోడలు ఓర్చుకుంది, కాపురమంటే అంతే అని సరిపెట్టుకుందా? లేదు. బతికుండగా కలిసి నాలుగు రోజులు సుఖంగా ఉండలేకపోయిన ఆ మొగుడూ పెళ్ళాల్ని గుళ్ళో పక్కపక్కన నిలబెట్టి, మాఘమాసంలో పెద్ద తిరునాళ్ళ పెట్టి, ఏటేటా కల్యాణం చేస్తోంది. రెండేళ్ళకోసారి ఆ విగ్రహాలకు కొత్త రంగులు వేయించడానికి జగ్గయ్యపేటకు ఊరేగింపుగా తీసుకొస్తారు. అప్పుడు కూడా ఇద్దరూ కలిసే వస్తారు. లక్షల మంది కళ్ళకద్దుకునే దంపతుల కథలో అత్తింటి ఆరళ్ళు తప్పని, మొగుడూ పెళ్ళాల ఎడబాటు దుఃఖమని అంత స్పష్టంగా ఉంది. ఆ గుడికి వెళ్ళి పొంగలి పెట్టి వచ్చిన అత్తగారు, సాయంత్రం కోడలు మొగుడితో బండెక్కి టీ తాగడానికి వెళ్తే మూతి ముడుచుకోవడం ఏం భక్తి?

"మా కాలంలో లేవు" అన్న పెద్దలు తమ కాలాన్నే సరిగ్గా గుర్తుపెట్టుకోలేదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. ఆ తర్వాత రేడియో ఇంట్లోకి వచ్చిన తరం, దీపం తగ్గించి నాటకం విన్న తరం ఎవరిది? బండి కట్టించుకుని, తోవలో తినడానికి జంతికలు మూటగట్టుకుని, పేటకు రెండో ఆట సినిమాకు పోయిన జంటలు ఎవరు? పంట అమ్ముడుపోయిన రోజున గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చేటప్పుడు టిక్కీల లెక్క తేలగానే చీరల కొట్టు మెట్లెక్కినవాళ్ళు ఎవరు? కార్తీకమాసంలో ముక్త్యాల భవానీ ముక్తేశ్వరుడి గుడి దగ్గర తెల్లవారుజామున కృష్ణలో మునిగి, ఒకే దొప్పలో రెండు వత్తులు వెలిగించి వదిలినవాళ్ళు ఎవరు? ఆ రోజు దానికి పుణ్యమనో అవసరమనో ఒక పేరు పెట్టి వెళ్ళారు. ఇప్పటివాళ్ళు ఏ పేరూ పెట్టకుండా, "ఇద్దరం కాసేపు కూర్చుందామని" అని నిజం చెప్పి వెళ్తున్నారు. తేడా అంతే.

ఇక ఖర్చు. ఈ ఆరోపణలో కొంత న్యాయముంది, ఆ మేరకు ఒప్పుకోవాలి. పెళ్ళికి ముందు ఫొటోల కోసం అద్దె కార్లు, అద్దె గౌన్లు, పొగలూ రంగుదీపాలూ; పుట్టినరోజున తినాల్సిన కేకు మొహానికి పులమడం; మొగుడు ఇచ్చిన కానుకను పెళ్ళాం కంటే ముందు ఫోను చూడటం. ఇవి సరదాలు కావు, జాతర్లు. అప్పు చేసి జరుపుకునే పెళ్ళిరోజు మరుసటి నెల తగాదాకు కారణమవుతుంది. అంతవరకూ పెద్దల మాట సబబే.

కానీ దండగ గురించి మాట్లాడే హక్కు ఎవరికుంది? ఓణీల ఫంక్షనుకు ఊరంతటికీ భోజనాలు పెట్టించి, నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీలు కట్టించి, ఆ అప్పును మూడు పంటలు తీర్చే ఇల్లే, కోడలి చేతిలో మూర మల్లెపూలు చూసి దుబారా అంటుంది. గృహప్రవేశానికి నాలుగు వందల విస్తళ్ళు లేస్తే గొప్ప. ఇద్దరు మనుషులు చిల్లకల్లు దగ్గర హైవే మీద ఆగి రెండు టీలు తాగితే ఖర్చు! పది మందికి కనపడే ఖర్చును పరువు అంటున్నాం, ఇద్దరికే తెలిసే ఖర్చును దుబారా అంటున్నాం. లెక్క ఇక్కడ తప్పింది. నిజంగా పొదుపు కావాలనుకునేవాళ్ళు మొదట కోయవలసింది ఫంక్షన్ల పద్దు. ఇద్దరి సరదాలో ఖరీదైనది డబ్బు కాదు, తీరిక. వేదాద్రి నరసింహస్వామి గుడి మెట్ల మీద కూర్చుంటే టిక్కెట్టు లేదు. పెరట్లో కలిసి ఒక గుమ్మడి పాదు పెడితే విత్తనాల ఖర్చు. మాదిపాడు బల్లకట్టు తిరిగే రోజుల్లో అవతలి గట్టుకు పోయి రావడానికి ఒక జంటకు అయ్యేది ఎంత గనక?

ఖర్చు వాదానికి ఒక తమ్ముడున్నాడు. "సరదాలు మానుకుని కష్టపడ్డాం గనకే ఈ మెట్ట ప్రాంతం బాగుపడింది" అంటాడు. కష్టపడ్డారు, కాదనే కృతఘ్నులెవరూ లేరు. కానీ కష్టం అంతకు ముందూ ఉంది. లేనిది నీళ్ళు. వర్షాధారపు చేలల్లో తరతరాలు ఎండిపోయింది ఆ కష్టమే. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ లాంటివాళ్ళు నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాల్సిందేనని పట్టుబట్టి తిరిగారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఎడమ కాలువ నీళ్ళు నందిగామ, జగ్గయ్యపేట పొలాల దాకా వచ్చాయి. ఈ ప్రాంతం రాత మార్చింది అది. మన తాతలు నాయనమ్మలతో నవ్వుతూ నాలుగు మాటలు మాట్లాడకపోవడం వల్ల ఒక్క ఎకరం కూడా తడవలేదు.

మూడో ఆరోపణ స్వార్థం. ఇద్దరూ కలిసి బయటికి వెళ్తే ఇంట్లో పెద్దల్ని వదిలేసినట్టట. చుట్టాల ఇళ్ళకు పోవడమే అసలైన ఆనందమట. చుట్టరికాలు తెగ్గొట్టుకోమని ఎవరూ అనడం లేదు. కానీ మనం చుట్టపుచూపు అనేదాని లోపలి సంగతి ఒకసారి చూద్దాం. నందిగామ నుంచి ఆడపడుచు కుటుంబం ఆదివారం వస్తుంది. మగవాళ్ళు వరండాలో కుర్చీలు వేసుకుని మిర్చి ధర దగ్గర మొదలెట్టి రాజకీయాల దాకా పోతారు. కోడలు పొద్దున అయిదింటికి పొయ్యి దగ్గరికి వెళ్తుంది. టిఫిను, మధ్యాహ్నం కోడికూర, గారెలు, సాయంత్రం కాఫీలు, వెళ్ళేవాళ్ళకు పచ్చడి సీసా, మిగిలినవాళ్ళకు అంట్లు. రాత్రి తొమ్మిదింటికి "ఎంత హాయిగా గడిచిందో" అని మొగుడంటాడు. ఎవరికి గడిచింది హాయిగా? అదే కోడలు తన పుట్టింటికి పోదామంటే "మొన్నేగా వెళ్ళొచ్చావు" అనే మాట సిద్ధంగా ఉంటుంది. పోయినా, అక్కడ అల్లుడి మర్యాదల కోసం ఆమె తల్లి అదే పొయ్యి దగ్గర, అదే చెమటతో నిలబడి ఉంటుంది.

ఇది ఒక్క మన ఊళ్ళ సంగతి కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతా జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేలింది. మగవాళ్ళ లెక్క 97 నిమిషాలు. అదీ ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళ సగటు. అసలు చెయ్యి పెట్టినవాళ్ళే నూటికి 26 మంది. ఆడవాళ్ళలో 81 మంది. అయిదు గంటలు ఒకరు, గంటన్నర ఒకరు. మిరపకాయ కోతల కాలంలో ఆ అయిదు గంటలకు పొలం పని అదనం. ఈ లెక్క ముందు పెట్టుకుని చెప్పండి, స్వార్థం ఎవరిది? వారానికి ఒక్క సాయంత్రం పొయ్యి ఆర్పి మొగుడి పక్కన కూర్చుంటానన్న మనిషిదా, ఆ ఒక్క సాయంత్రం కూడా కాఫీ కావాలన్నవాళ్ళదా?

చుట్టపుచూపు నిజంగా పండగ కావాలంటే మార్చుకోవలసింది వంటిల్లు. అల్లుడు అత్తారింటికి వెళ్ళిన రోజున కూరగాయలు తరగవచ్చు. ఆడపడుచు వదినను కూర్చోబెట్టి తాను వడ్డించవచ్చు. వచ్చినవాళ్ళు వండిన గిన్నె ఒకటి వెంట తెచ్చుకోవచ్చు. కొన్ని ఇళ్ళలో ఇవన్నీ జరుగుతున్నాయి. వాళ్ళ పరువు ఏమీ పోలేదు, చుట్టాలు రావడమూ మానలేదు.

నాలుగోది, వ్యాపకాలు పనిలేనివాళ్ళకన్న మాట. సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర ఎవరున్నారు? వేపచెట్టు కింద పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా పేకముక్కలు కలిపేది ఎవరు? ఆదివారం క్రికెట్టుకు బండ్ల మీద ఊరూరూ తిరిగేది ఎవరు? మగవాడి కాలక్షేపాన్ని పనిలేనితనం అన్నవాడు లేడు. అలసిపోయిన మనిషికి ఆ మాత్రం ఉండాలి అంటాం. నిజమే, ఉండాలి. అలసట ఆడవాళ్ళకు లేదా? ఆమె కోలాటం జట్టులో చేరితే, పాటలు నేర్చుకుంటానంటే, కుండీల్లో గులాబీలు పెంచితే మాత్రం ఇల్లు పట్టని మనిషి అయిపోతుంది. ఇద్దరూ కలిసి ఒక వ్యాపకం పెట్టుకుంటే మరీ వింత. సిమెంటు ఫ్యాక్టరీల్లో షిఫ్టుల మీద పనిచేసే జంటల్ని చూడండి. అతను రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె పిల్లల్ని బడికి తయారు చేస్తుంటుంది. ఆమెకు తీరిక దొరికేసరికి అతను నిద్రలో ఉంటాడు. ఒకే ఇంట్లో ఉంటూ వారాల తరబడి సరుకుల చీటీ, ఫీజుల గడువు తప్ప ఇంకో మాట లేని సంసారాలున్నాయి. పెరటి మొక్కలకు కలిసి నీళ్ళు పోసే అరగంట వాళ్ళకు విలాసం కాదు. రోజు మొత్తంలో ఒకరి మొహం ఒకరు చూసుకునే సమయం అదే.

ఇంతదాకా ఎదుటివాళ్ళ మాటలకు జవాబు చెప్పాను. ఇక నేను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. పిల్లలు వెళ్ళిపోయాక ఏం చేస్తారు?

మన ఊళ్ళ పరిస్థితి కళ్ళ ముందే ఉంది. చదువుకున్న పిల్లలు 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని హైదరాబాదు పోయారు, అక్కడి నుంచి అమెరికా పోయారు. మూడు గదుల డాబాల్లో ఇద్దరేసి మిగిలారు. ముప్పై ఏళ్ళు పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, చుట్టాలు, పంటలు మధ్యలో ఉన్నంతకాలం ఈ ఇద్దరూ నేరుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన అవసరం రాలేదు. ఇప్పుడొచ్చింది. ఆయన టీవీ ముందు, ఆమె ఫోనులో మనవడి ముందు. ఆ ఇళ్ళలో దెబ్బలాటలు లేవు, కోపాలు లేవు. మాటే లేదు. సరదాను సోకు అని పక్కన పెట్టిన కాపురానికి చివరి ఫలితం ఇది. అరవై దాటాక హఠాత్తుగా స్నేహం కుదరదు. పాతికేళ్ళ వయసు నుంచి కొద్దికొద్దిగా కూడబెట్టుకుంటే ఉంటుంది.

శ్రీరమణ 'మిథునం' కథ తెలుగువాళ్ళకు ఎంత నచ్చిందో చెప్పక్కర్లేదు. బాపు ఆ కథను తన చేత్తో రాసి మురిసిపోయారు. ఎం.టి. వాసుదేవన్ నాయర్ దాన్ని మలయాళంలో 2000లో సినిమాగా తీశారు. తెలుగులో తనికెళ్ళ భరణి 2012లో తీశారు, బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి నటించారు. పిల్లలు దూరదేశాల్లో ఉన్న ఒక ముసలి జంట, పెరడు, వంట, పోట్లాట, ఆటపట్టింపు. అంతే కథ. చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో మన అరుగుల మీది పెద్దలు చాలామంది ఉన్నారు. తెర మీద ఆ ముసలాయన అప్పదాసు పెళ్ళాన్ని ఉడికిస్తే ముచ్చట, మన ఇంట్లో కొడుకు కోడల్ని ఉడికిస్తే "పెళ్ళాం కొంగు పట్టుకు తిరుగుతున్నాడు"! ఆ ముసలి దంపతుల చనువు ముసలితనంలో పుట్టింది కాదన్న సంగతి కూడా ఆ కన్నీళ్ళతోపాటు గుర్తుండాలి.

కాబట్టి పెద్దలకు ఒక విన్నపం. కొడుకూ కోడలూ సాయంత్రం బయల్దేరితే "ఎక్కడికి?" అని అడగడం మానండి, పిల్లల్ని మేం చూసుకుంటాం, వెళ్ళిరండి అనండి. అంతకంటే మంచి పెళ్ళిరోజు కానుక మీ చేతుల్లో లేదు. ఇంకా ఒక అడుగు వేసి, వచ్చే కార్తీకంలో మీరిద్దరూ కూడా పిల్లల కోసం ఎదురుచూడకుండా ముక్త్యాల రేవుకు బయల్దేరండి. కుర్రవాళ్ళకూ ఒక మాట. సరదాకు అప్పు చేయకండి, సరదాను ఊరికి చూపించడానికి చేయకండి, చుట్టాల్ని వదులుకోకండి, అమ్మ చేతి పనిని భార్య చేతికి మార్చి అదే సమానత్వం అనుకోకండి. వారంలో ఒక పూట ఇద్దరి పేరున ఉంచుకోండి, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వకండి.

ఇద్దరి సరదా వల్ల చెడిన ఇల్లు ఒకటి చూపించమని అరుగుల మీది పెద్దల్ని అడగండి. పేకాట వల్ల చెడినవి, పందేల వల్ల చెడినవి, ఫంక్షన్ల అప్పుల వల్ల చెడినవి వాళ్ళే వేళ్ళ మీద లెక్కపెడతారు. ఇది మాత్రం ఆ లెక్కలో ఉండదు.